పాపకు రత్నం పేరు తీర్మానించిన వైనం

మా అన్నయ్యకు కూతురు పుట్టిన శుభసందర్భంలో, పాపకు ఏదో ఒక రత్నం పేరే పెట్టాలని మా కుటుంబ సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. అధ్యక్షులు నాన్నగారు. వేదిక ముందుగదిలోని సోఫా. అమ్మ వంటింట్లో టీ పెడుతున్నందున సభకు హాజరు కాలేదు. టీ మాత్రం వేళకు హాజరవుతూనే ఉంది.

"ఆడపిల్లంటే ఇంటికి రత్నం! రత్నం మెరుస్తుంది, పెట్టినచోట ఉంటుంది, ఎదురు మాట్లాడదు," అని అధ్యక్షులు ప్రారంభోపన్యాసం చేశారు. చప్పట్లు కొట్టాం. వదిన కొట్టలేదు. చేతుల్లో పాప ఉంది మరి.

వదిన కోరిక ఒక్కటే. "ఏ పేరైనా సరే మామయ్యగారూ, రోజూ నోరారా పిలుచుకునేలా ఉంటే చాలు. కాగితాలకొకటి, ఇంట్లో ఒకటి మాత్రం వద్దండీ." మరీ చిన్న కోరిక కావడంతో సభవారి కంటికి ఆనలేదు.

వజ్రం అనగానే మేనత్త గుండెలు బాదుకుంది. "అయ్యో, వజ్రమంటే మొండిది! రేపు దీన్నెవడు చేసుకుంటాడు?" పాపకింకా మెడ కూడా నిలవలేదు. కెంపు పేరు పెడితే కోపిష్టిదవుతుందన్నారు. ముత్యం దాదాపు నెగ్గేదే గాని, అది అసలు రాయే కాదనీ, ఎక్కడో నీళ్లలో గుల్లకు పుట్టిందనీ మా బావ దాని పుట్టుపూర్వోత్తరాలు బయటపెట్టాడు. అలాంటి సంబంధం మనకెందుకులే అనుకున్నాం. పచ్చ అంటే అందరికీ కామెర్లే గుర్తొచ్చాయి.

అప్పుడు నాన్నగారి స్నేహితుడైన నగల షాపాయన గొంతు సవరించుకున్నాడు. "పచ్చనే మరకతం అని కూడా అంటారండీ." ఆహా! పచ్చ అంటే కామెర్లు గాని, మరకతం అంటే ఎంత సంస్కారం! "ఎక్కడో విన్నట్టుందే," అన్నాడు అన్నయ్య. "గొప్ప పేర్లన్నీ అలాగే ఉంటాయిరా," అని నాన్నగారు తేల్చేశారు.

పేరు పెట్టాక పిలిచి చూడాలి కదా. అన్నయ్య పాప మీదికి వంగి, ముద్దుముద్దుగా, గట్టిగా పిలిచాడు. "మరకతం! ఓ మరకతం!"

వంటింట్లో గిన్నె కిందపడింది. అమ్మ తడిచేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. "ఏమైందిరా? నన్నెవరు పిలిచారు?" ముఖంలో సగం భయం, సగం సంతోషం.

అమ్మ పేరు మాకు తెలియదని కాదు. రక్తం గ్రూపు తెలిసినట్టు తెలుసు. ఆసుపత్రిలో అడిగితే కాగితం చూసి చెబుతాం.

"నిన్ను కాదమ్మా," అన్నాడు అన్నయ్య. "అదా, టీ కావాలేమో అనుకున్నా," అంటూ అమ్మ వెళ్లిపోయింది.

ఒకే ఇంట్లో ఇద్దరు మరకతాలుంటే గందరగోళం కదా అని బావ అభ్యంతరం లేవనెత్తాడు. నాన్నగారు నవ్వేశారు. "గందరగోళమేముందోయ్? నేను 'ఏమేవ్' అంటాను, వీళ్లు 'అమ్మా' అంటారు. పేరు ఖాళీగానే ఉందిగా!" తీర్మానం నెగ్గింది.

వదిన పాపనెత్తుకుని వంటింట్లోకి వెళ్లింది. "మరకతంగారూ!" అన్న పిలుపు వినిపించింది. "ఆఁ," అని పలికింది అమ్మ. వదిన మళ్లీ పిలిచింది, అమ్మ మళ్లీ పలికింది. ఇద్దరూ నవ్వుకుంటున్నారు. క్రమశిక్షణ లేకపోవడం వల్ల తర్వాతి టీ ఆలస్యమైంది.

పాపను ప్రస్తుతం బుజ్జి అంటున్నాం. మరకతం అంటే నోరు తిరగడం లేదు. మీ ఇంట్లోనూ ఒక రత్నం ఉండే ఉంటుంది. ఒకసారి పేరు పెట్టి పిలిచి చూడండి. ముందు కాగితం చూసుకోండి.