నాలుగు ఎర్ర పీలికలు, ఒక పాలపిట్ట

దసరా నాడు పొద్దున ఆరింటికి బయలుదేరి, పాలపిట్టను చూసి, ఎనిమిదింటికల్లా నల్గొండలో ఇంటికి చేరాలి. ధర్మయ్య అనుకున్నది ఇంతే.

తొందరకు కారణముంది. దసరా నాడు పాలపిట్ట కనబడితే శుభమంటారు. ఇంటి యజమాని దాన్ని చూసి వచ్చేదాకా ఆ ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టకూడదు. అది ధర్మయ్య తల్లి నాటి నియమం. ఆమె రోజుల్లో పిట్ట వాకిలి ముందరి కరెంటు తీగ మీదే వాలేది కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. ఇప్పుడు వాకిలి ముందర మూడంతస్తుల మేడలు లేచాయి, పిట్ట ఊరవతలికి పోయింది, నియమం మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. తొమ్మిది రోజులూ ఒంటిపూట ఉండే సుగుణమ్మ, నిరుడు దసరా నాడు పదకొండు దాకా ఎదురుచూసి కళ్లు తిరిగి పడిపోయింది.

"ఈసారి గిట్ల ఆలస్యమైతే నన్ను దవాఖానల సూస్తవు" అన్నది సుగుణమ్మ, గారెల పప్పు రుబ్బుతూ.

"ఫికర్ జెయ్యకు. అమరేందర్ సారు తోడొస్తుండు. పిట్ట యాడ కూసుంటదో మొన్న ఆదివారమే సూసి గుర్తు పెట్టొచ్చిండు."

"గుర్తు పెట్టిన జాగల్నే కూసోవాలని పిట్టకు జెప్పొచ్చిండా?"

బయట స్కూటర్ హారను మోగింది.

అమరేందర్ రిటైరైన సైన్సు పంతులు. మెడలో దుర్బిణి, జేబులో నోటుపుస్తకం లేకుండా గడప దాటడు. మూడో మిత్రుడు రాంచందర్ ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేశాడు. అడగని ప్రశ్నకు కూడా జవాబు చెప్పడం ఆయనకు అలవాటు. ముగ్గురూ రోజూ కలిసి నడిచేవాళ్లే. ఆదివారం నాటి గుర్తులకు గుడ్డ ఇచ్చింది ధర్మయ్యే. చేనేత సంఘం దుకాణంలో ఆయన బట్ట కొలిచి అమ్ముతాడు. చీర అంచులు కత్తిరించగా మిగిలిన ఎర్ర పీలికలు నాలుగు ఇచ్చాడు. పిట్టలు కనిపించిన నాలుగు చోట్ల ఆ నాలుగింటినీ కట్టి వచ్చాడు అమరేందర్.

పన్నెండు కిలోమీటర్లు పోయి, పత్తి చేల గట్టున బండ్లు ఆపారు. మొదటి పీలిక తుమ్మచెట్టుకు అలాగే ఉంది. కానీ చెట్టు మొదట్లో పసుపు పూసి, కుంకుమ పెట్టిన రాయి ఒకటి నిలబెట్టి ఉంది.

"మొన్న గీ రాయి లేకుండె" అన్నాడు అమరేందర్.

"అట్లనకు సారు, పోచమ్మ తల్లి." ధర్మయ్య చెప్పులు విడిచి మొక్కాడు. "ఇగ పిట్ట కనబడ్డట్టే."

పిట్ట కనబడలేదు. రెండో పీలిక దగ్గర బీడు భూమిలో వందల కొద్దీ బత్తాయి మొక్కలు జానెడుకొకటి చొప్పున నాటి ఉన్నాయి. సగం అప్పుడే వాడిపోయాయి.

"గిట్ల పెడితే కాయ యాడ కాస్తది? పెట్టినోనికి బత్తాయి గురించి తెల్వదు" అని తేల్చేశాడు రాంచందర్.

పెట్టినవాడు మూడో పీలిక దగ్గర గుంతలు తవ్వుతూ కనిపించాడు. పేరు లింగస్వామి. దుర్బిణి చూశాడు, పుస్తకం చూశాడు, చేతిలోని గడ్డపార వదిలేశాడు.

"వచ్చిన్రా సార్? పక్కాగ గీడికెళ్లే పోతదా?"

"మొన్నయితే గీడికెళ్లే పోయింది" అన్నాడు అమరేందర్, తీగల మీదే కళ్లు పెట్టి. ఆయన మనసులో పిట్ట తప్ప ఇంకేమీ లేదు.

"మల్ల నా చేను?"

"నీ చేను మీదికెళ్లే" అన్నాడు రాంచందర్. "మంచిగయితది తియ్యి. నీ పేరేంది? రాస్కోండ్రి సారూ, సాక్షం పనికొస్తది."

అమరేందర్ పేరు రాసుకున్నాడు. లింగస్వామి ఊళ్లోకి పరుగెత్తాడు.

పావుగంటలో అరవై మంది వచ్చారు. పండుగకు వాయిస్తున్న డప్పులు కూడా వచ్చాయి. ఆ చప్పుడుకు చేలల్లో ఉన్న పిట్టలన్నీ లేచిపోయాయి. ఎవరో బండ్ల తాళాలు లాక్కున్నారు. జనంలోంచి గడ్డి కొడవలితో ఒక ముసలమ్మ ముందుకు వచ్చింది. ఆమె మైసమ్మ.

"నా బాయికాడ ఎర్రగుడ్డ కట్టిన చెయ్యేది?"

మిత్రులిద్దరూ అమరేందర్ చేతుల వైపు చూశారు. అప్పుడు తెలిసింది సంగతి. నాలుగు ఎర్ర పీలికలను వరుసగా కలిపి చూసుకుని, ఆరు లైన్ల రోడ్డు అటునుంచే పోతుందని ఊరు ఊరంతా వారం రోజులుగా నిద్ర మానుకుంది. పరిహారం చెట్టుకు ఇంత అని ఇస్తారని లింగస్వామి బత్తాయిలు నాటాడు. దేవత అడ్డముంటే రోడ్డు వంకర తిరుగుతుందని మైసమ్మ రాయి నిలబెట్టింది.

"అయితే ఆ పోచమ్మ..." అన్నాడు ధర్మయ్య.

"గుట్టకాడి రాయి. నువ్వు చెప్పులిడిసి మొక్కినవని పోరగాండ్లు జెప్పిన్రు. ఇగ దేవతే."

"అవ్వా, మేము సర్వేటోళ్లం గాదు. పాలపిట్టను సూడనీకి వచ్చినం."

"పాలపిట్టకు పుస్తకమెందుకు? మా తాత సూసిండు, మా నాయిన సూసిండు. ఎవ్వడూ రాస్కోలే."

"జర తాళాలియ్యుండ్రి. లేకుంటే పైకి ఫోన్ జెయ్యాల్సొస్తది" అన్నాడు రాంచందర్. ఆయనకు పైన ఎవరూ లేరు. కానీ ఆ ముక్కతో ఊరికి మిగిలిన అనుమానం కూడా పోయింది.

"జూసిన్రా? పైకి ఫోనట! అందర్నీ పంచాయతీ ఆఫీసుల కూసోబెట్టుండ్రి!"

సరిగ్గా అప్పుడే ధర్మయ్య ఫోను మోగింది. తొమ్మిదీ పది. తెర మీద సుగుణమ్మ పేరు. మైసమ్మ ఫోను లాక్కుంది. పక్కన ఉన్నవాడెవరో అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాడు.

"బిడ్డా, నీ పెనిమిటి ఈడ మా భూములు కొలుస్తుండు."

"ఆయననా?" సుగుణమ్మ గొంతు గట్టంతా వినిపించింది. "ఇరవై ఏండ్ల సంది దుకాణంల గుడ్డ కొలుస్తుండు అవ్వా. గదే సక్కగ రాదు. ఆయన కొలిచిన జాకెట్ ముక్కకు ఎన్నడన్న రెండు చేతులొచ్చినయా అడుగు. భూమి కొలిచేటంత తెలివుంటే నేనిట్ల ఎందుకుందు?"

ముందు ఆడవాళ్లు నవ్వారు. తర్వాత డప్పు వాయించేవాళ్లు నవ్వారు. చివరికి లింగస్వామి కూడా తన బత్తాయి మొక్కల వైపు చూసి, ఏడవలేక నవ్వాడు. పక్కా సాక్ష్యం దొరికింది. బండ్ల తాళాలు వెనక్కి వచ్చాయి.

"పిట్టను సూసిండా లేదా అవ్వా? నిన్నటి సంది నేను తినలే. ఆయన సూస్తెనే నేను తినాలె."

మైసమ్మ ధర్మయ్యను ఎగాదిగా చూసింది. "ఆయన సూస్తే నీ కడుపెట్ల నిండుతదే? నీకు కండ్లు లేవా?"

మైసమ్మ కొడవలి చంకన పెట్టి, ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుంది.

"ఆటో ఎక్కి రా బిడ్డా. నా బాయికాడ రోజు కూసుంటది. నువ్వే సూద్దువు."

"ఆడోళ్లు పోవద్దని మా అమ్మ..." అనబోయి ధర్మయ్య ఆగిపోయాడు. అమ్మ ఆ మాట ఎన్నడు అన్నదో ఆయనకు గుర్తు రాలేదు. ఎంత ఆలోచించినా రాలేదు. చూడబోతే, ఆమె అననే లేదేమో. వాకిలి ముందరి తీగ మీది పిట్టను ఆమె కూడా చూసే తిన్నదేమో.

సుగుణమ్మ వచ్చేలోపు ఊరు ఒక తీర్పు చెప్పింది. ఎవరి వల్ల వచ్చిన పీలికలు వాళ్లే విప్పాలి. మూడు సులువుగానే వచ్చాయి. బావి దగ్గరి కంపకు కట్టిన నాలుగోది వానకు తడిసి, ఎండకు బిగిసి, ఎంతకీ రాలేదు.

"నేత గుడ్డ సారు, గంత అల్కగ ఊడదు" అని గర్వంగా అంటూ ధర్మయ్య మోకాళ్ల మీద కూర్చుని పళ్లతో ముడి పట్టాడు.

ఆటో ఆగింది. సుగుణమ్మ గారెల డబ్బాతో దిగింది. మైసమ్మ ఆమెను గట్టు మీద నిలబెట్టి, "పిట్ట కోసం ఎతుకద్దు బిడ్డా, దాని తిండి లేపాలె" అని చెప్పి, డప్పులను ఆపించి, వంగి గడ్డి కోయసాగింది. నాలుగు పిడికిళ్లు కోసేసరికి మిడతలు చిటపటమని ఎగిరాయి. మోటరు తీగ మీద అప్పటిదాకా ఎవరికీ కనబడకుండా మట్టిరంగులో ముడుచుకుని కూర్చున్నది ఒక్కసారిగా రెక్కలు విప్పింది. చేను మీద నీలం పరుచుకుంది. మిడతను ముక్కున పట్టుకుని, సుగుణమ్మ తల మీదుగా ఒక చుట్టు తిరిగి, తోట వైపు వెళ్లిపోయింది.

అరవై మంది చేతులు జోడించారు. సుగుణమ్మ కళ్ల వెంట నీళ్లు కారాయి.

"గింత నీలముంటదా!" అన్నది. "ఇన్నేండ్ల సంది 'సూసిన' అంటివి గని, గిట్లుంటదని ఒక్కనాడన్న చెప్పకపోతివి."

"ఏది? యాడ?" ధర్మయ్య నోట్లో పీలికతో తల ఎత్తాడు. ఖాళీ తీగ ఊగుతోంది.

ఆమె డబ్బా మూత తీసి మైసమ్మకు ఒక గారె పెట్టి, తానొకటి కొరికింది. అమరేందర్‌కు ఇచ్చింది, రాంచందర్‌కు ఇచ్చింది. ధర్మయ్య చేయి చాపాడు. డబ్బా అటువైపు జరిగింది.

"పిట్టను సూసినవా?"

"నువ్వు సూసినవు గద సుగుణా. ఇంట్ల ఒకలు సూస్తే సాలదా?"

"ఆ మాట నిరుడు పదకొండింటికి అనకపోతివి. నియమం మీ ఇంటిదే. నేను తప్పుతనా?"

అమరేందర్ మెడలోంచి దుర్బిణి తీసి అందించాడు.

గారెల డబ్బా అడుగు కనబడేసరికి ధర్మయ్యకు ఆరు కొంగలూ, ఒక కాకీ కనబడ్డాయి.