బంపర్ లేని బండి

ఆ శుక్రవారం పొద్దున రామనారాయణ పెట్టుకున్న పని చిన్నదే. ఆత్మకూరు పొలంలోంచి లేచి, ఉదయగిరి కొండను ఒక్కసారి పైనుంచి చూసి, టిఫిన్ వేళకు ఇంటికి రావాలి. ఉదయగిరి అత్తగారి ఊరు. ముప్పై ఏళ్లుగా అక్కడ ఆరుబయట మంచం మీద పడుకుని, కొండనెత్తిన మబ్బును చూసి అసూయపడుతున్నాడు. చివరికి సగం నిమ్మతోట అమ్మి రెండు సీట్ల పాత విమానం కొన్నాడు. మిగతా సగం పీకించి, అది పరుగెత్తడానికి బాట వేయించాడు.

భార్య రామసుబ్బమ్మ అంగట్లో నిమ్మకాయలు కొనుక్కొచ్చి మూడు చక్రాల కిందా పెట్టింది. ట్రాక్టరుకైతే రామనారాయణ కొబ్బరికాయ బంపర్‌కు కొట్టేవాడు. దీనికి బంపర్ లేదు. ముందున్న చెక్క పంకాకే దబ్బున కొట్టాడు. కాయ పగల్లేదు గానీ, పంకా రెక్కకు పెచ్చు లేచింది.

జలదంకి నుంచి వచ్చిన పైలట్ దయాసాగర్ తల పట్టుకున్నాడు. "ఇంక లేపకూడదు సార్. కొత్తది బెంగళూరు నుంచి రావాల."

"ఎన్నాళ్లు నాయనా?"

"రెండు నెల్లు పడతాది."

రెండు నెలలూ దయాసాగర్‌కు జీతం నడిచింది. ఇంతలో వానలొచ్చి షెడ్డు కావలసి వచ్చింది. షెడ్డు కోసం ట్రాక్టరు పోయింది. పంకా వచ్చేసరికి ఎగరడానికి ఇచ్చిన అనుమతి గడువు దాటిపోయింది. ఏనుగును కొన్నవాడు అంకుశానికి వెనకాడతాడా అనుకుంటూ మళ్లీ కాగితాలు పెట్టాడు.

"ఏందయ్యా ఇది? నిలబడే తినేస్తా ఉండాది!" అంది రామసుబ్బమ్మ.

"ఎగిరితే తినదులేమే."

దయాసాగర్ గొంతు సవరించుకున్నాడు. "ఎగిరితే ఇంకా ఎక్కువ తింటాది సార్. దీని పెట్రోలు మద్రాసు నుంచి రావాల."

మాఘమాసంలో అనుమతి వచ్చింది. రామనారాయణ తలస్నానం చేసి, కొత్త చొక్కా తొడుక్కుని షెడ్డుకు పరుగెత్తాడు. షెడ్డు ఖాళీ. విమానం రోడ్డు మీద లారీలో ఉంది. రెక్కలు ఊడదీసి పక్కన కట్టారు. ముక్కుకు బంతిపూల దండ.

"ఉదయగిరిలో మా చెంచులక్ష్మి కూతురు పెళ్లి. దీంట్లో కూర్చోని ఫొటోలు దిగతారంట. బాడుగ తీసుకున్నాను. ఇంకా పది పెళ్లిళ్లు ఉండాయి," అంది రామసుబ్బమ్మ.

"పర్మిషన్ వచ్చినాదే!"

"ఉండనీ. ఎగరకపోతేనే ఇది మనకు కూడు పెట్టేది."

ఆయనకు ఏడుపొచ్చింది. లారీ ఎక్కి, విమానంలో తన సీట్లో కూర్చున్నాడు. లారీ కదిలింది. ఎవరెవరివో నిమ్మతోటలు కాళ్ల కిందనుంచి మెల్లగా వెనక్కి పోయాయి. గాలికి చొక్కా ఉబ్బింది. దూరాన ఉదయగిరి కొండ, దాని నెత్తిన మబ్బు. ఆయన కళ్లు సగం మూసి చూస్తే, రెండూ తన ఎత్తులోనే ఉన్నాయి.

విమానం కొన్నాక ఆయన చేతి ఖర్చు లేకుండా సాగిన మొదటి ప్రయాణం అదే.