నల్లఫోనుకు అరవై ఎనిమిది మార్కులు

ఆ సోమవారం చేయాల్సిన పనులను సాత్విక నోటుపుస్తకంలో ఇలా రాసుకుంది.

ఒకటి, మొదటి బస్సుకు నంద్యాల పోయి ఇంతియాజ్ అన్న అంగట్లో రెండు ఫోన్లు తేవాలి.
రెండు, రెండింటికీ వందకు మార్కులు వేసి నాయనకు ఏది పనికొస్తుందో తేల్చాలి.
మూడు, మధ్యాహ్నం నాయన విగ్రహానికి కళ్ళు చెక్కుతాడు. ఆ పని నడుమ ఆయన్ను కదిలించకూడదు.
నాలుగు, కళ్ళు అయ్యాకనే ఫోటో తీసి వెలుగోడు వాళ్ళ గ్రూపులో పెట్టాలి.
ఐదు, ఓడిపోయిన ఫోనును సాయంత్రానికి తిరిగి ఇచ్చేయాలి.

నాలుగో పని కింద రెండు గీతలు కొట్టింది. ఆళ్ళగడ్డ శిల్పులు కళ్ళను అన్నిటికన్నా చివర చెక్కుతారు. అంతవరకు ఆ ముఖం బయటివాళ్ళ కంటపడకూడదు.

అది ఆ ఇంటికి మామూలు విగ్రహం కాదు. సాత్విక నాయన పుల్లయ్య ముప్పై ఏళ్ళు ఎవరెవరి షెడ్లలోనో ఉలి పట్టాడు. ఆయన చెక్కిన ప్రతి విగ్రహం కింద షెడ్డు యజమాని పేరే పడింది. ఇప్పుడు సొంత షెడ్డు పెట్టుకున్నాడు, సొంత పేరుతో మొదటి పని వచ్చింది. వెలుగోడులో లెక్కల పంతులుగా చేసి రిటైరైన కొండయ్య సారుకు పాత విద్యార్థులంతా కలిసి బడి ముందర విగ్రహం పెట్టిస్తున్నారు. సారు బతికే ఉన్నారు, నిక్షేపంగా ఉన్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆయన చూసి సరేనంటేనే విగ్రహం దిమ్మె ఎక్కుతుంది. కాదంటే హైదరాబాదు నుంచి ఫైబరు బొమ్మ తెప్పిస్తామని గ్రూపు పెద్ద హరీశ్ ముందే చెప్పాడు.

ఇంట్లో ఉన్నది పుల్లయ్య బటన్ల ఫోను ఒక్కటే. దాంతో ఫోటోలు పంపడం కుదరదు. అందుకే ఈ ఫోన్ల వేట.

"రెండూ తీసుకపో పాపా," అన్నాడు ఇంతియాజ్. "అంగట్లో ఏసీ కింద అన్ని ఫోన్లూ బాగానే ఉంటాయి. మీ నాయన చేతికిచ్చి చూడు. అప్పుడు తెలుస్తాది వాటి సంగతి."

సాత్విక ఆ ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషి. ఏ పనైనా పరీక్ష రాసినట్టే చేస్తుంది. ఎండలో తెర కనబడుతుందా, రాయి కోసే మిషను పక్కన మాట వినబడుతుందా, తెలుగు టైపు చేయడం సులువా అని వరుసగా రాసుకొని మార్కులు వేసింది. పన్నెండు గంటలకు నీలంఫోనుకు డెబ్బై ఒకటి, నల్లఫోనుకు అరవై ఎనిమిది వచ్చాయి. తన లెక్క మీద తనకు గట్టి నమ్మకం. నాయన సిమ్ము తీసి నీలంఫోనులో వేసి ఆయన చేతిలో పెట్టింది.

పుల్లయ్య వేలితో తాకాడు. ఫోను పలకలేదు. ముప్పై ఏళ్ళు రాయితో రాసుకుని ఆ వేళ్ళ కొసలు రాయిలాగే బిరుసెక్కాయి.

"ఏందీ పాపా, ఇది నన్ను మనిషి కింద లెక్కపెట్టల్యా."

"మెల్లగా తాకల్ల నాయనా. అట్ల పొడవగూడదు."

"నేను తాకితే రాయే పలుకుతాది. దీనికేం రోగం?"

మోచేత్తో ప్రయత్నించాడు. చివరికి ముక్కుతో నొక్కితే తెరుచుకుంది.

"ముక్కుతో ఎత్తితే ఎవురు చేస్తాండారో నాకెట్ల కనపడతాది?" అని ఫోను తిరిగి ఇచ్చేశాడు.

నల్లఫోనూ అంతే. సాత్విక నీలంఫోనులోంచే ఇంతియాజ్‌కు ఫోను చేసింది.

"నల్లదాంట్లో చేతికి తొడుగులు వేసుకునేటోళ్ళ కోసం ఒక సెట్టింగు ఉంటాది. అది పెట్టు పాపా," అన్నాడు అతను.

పెట్టింది. సిమ్ము అందులోకి మార్చి, హరీశ్ చేత ఆ నంబరును గ్రూపులో చేర్పించింది. పుల్లయ్య వేలికి నల్లఫోను వెంటనే పలికింది. ఆ సంతోషంలో, అది ఇక దేనికైనా పలుకుతుందని సాత్వికకు తట్టలేదు.

సాయంత్రం పని ఇక నల్లఫోనుతోనే కాబట్టి, రెండు సంగతులు ముందే మళ్ళీ సరిచూసుకుంది. కెమెరా కోసం ఇంకా కళ్ళు చెక్కని విగ్రహాన్నే ఒక ఫోటో తీసింది. ఎవరికీ చూపేది కాదు కదా అనుకుంది. తెలుగు టైపింగ్ కోసం, సాయంత్రం ఎలాగూ రాయాల్సిన మాటేనని, గ్రూపు తెరిచి ఆ ఫోటో కింద ఇలా కొట్టింది: "మన కొండయ్య సారు ఇక ఎప్పటికీ మన మధ్యనే ఉంటారు." పంపలేదు. ఫోనును రాతిదిమ్మ మీద పెట్టి అన్నం తినడానికి పోయింది.

పుల్లయ్య విగ్రహం ముఖం మీద చెంబుడు నీళ్ళు పోసి దుమ్ము కడిగాడు. ఒక చుక్క ఎగిరి సరిగ్గా పంపే బాణం గుర్తు మీద పడింది.

గ్రూపులో రెండు వందల పది మంది. వాళ్ళకు కనబడింది కళ్ళు మూసుకున్న సారు, నుదుటి మీద విభూతిలా తెల్లని రాతిపొడి, కింద ఆ మాట.

సాత్విక చెయ్యి కడుక్కొని వచ్చేసరికి ఫోను ఆగకుండా వణుకుతోంది.

"కళ్ళు గాకముందే ఎందుకు పంపితివో గానీ, విగ్రహం అందరికీ భలే నచ్చింది పాపా," అన్నాడు పుల్లయ్య సంబరంగా. "అద్దాలు లేక చదవల్యా గానీ, అందరూ రెండు చేతులెత్తి దండాలు పెడతాండారు. నేనూ ఊరికే ఉండకుండా ఒక్కొక్కరికీ బొటనవేలు చూపిచ్చినా."

సాత్విక చూసింది. తెర మీద నీళ్ళచుక్కలు, వాటి కింద సందేశాలు. ఓం శాంతి. నమ్మలేకపోతున్నాం. మాకు ఎక్కాలు నేర్పిన దేవుడు. ప్రతి సంతాపం కిందా శిల్పి పుల్లయ్య బొటనవేలు.

ఫోటోను తీసేయబోయి, తొందరలో "నాకు మాత్రమే తొలగించు" నొక్కింది. ఇక ఆ ఫోటో రెండు వందల తొమ్మిది మందికి కనబడుతూనే ఉంటుంది, ఆమెకు తప్ప. "సారు బాగున్నారు, అది విగ్రహం" అని రాస్తే, "అవును చెల్లీ, మన గుండెల్లో బాగున్నారు" అని ఎవరో జవాబిచ్చారు.

"నాయనా, కొంప మునిగింది."

పుల్లయ్య అప్పటికే కళ్ళకు ఉలి పెట్టాడు. ఆ పని మొదలుపెడితే నడుమ ఆపరు. "కన్ను అయినాక చెప్పు," అన్నాడు.

నాలుగు గంటలకు షెడ్డు ముందర కారు ఆగింది. హరీశ్ దిగాడు. వెనక కొండయ్య సారు దిగారు, భుజాన గొడుగు, కంట్లో నిప్పులు.

"యాడయ్యా నన్ను చంపిన శిల్పి?" అన్నారు. "నా ఇంటి ముందర పదకొండు పూలదండలు. ఒకడు టెంటు తెచ్చినాడు. నేనే తలుపు తీస్తే, లోపల పెద్దోళ్ళెవరన్నా ఉండారా అని నన్నే అడిగినాడు."

"తప్పు నాది సార్," అంది సాత్విక. "మా నాయనది కాదు. విగ్రహం చూడండి సార్."

పుల్లయ్య అప్పుడే పని ముగించి, విగ్రహం వెనక నిలబడి భుజాల మీది పొడి తుడుస్తున్నాడు. సారు ముందు నిలబడి కిందికీ పైకీ చూశారు.

"ఇది నేను కాదు. ఈ ముక్కు మా అన్నది."

"విన్నావా అన్నా?" అన్నాడు హరీశ్ పుల్లయ్యతో. "ఇంక మేం ఫైబరుదే చూసుకుంటాం."

పుల్లయ్య చేతిలోని గుడ్డను మడిచి, మళ్ళీ విప్పాడు.

"నా ముఖం ఎట్లుంటాదో చూడు," అంటూ సారు జేబులోంచి ఫోను తీశారు. తాళం తెర మీద ఆయన ముప్పై ఐదేళ్ళ వయసు ఫోటో ఉంది. చెయ్యి చాచి, విగ్రహం వెనకున్న పుల్లయ్యకు కనబడేలా విగ్రహం ముఖం ముందర పెట్టారు. ఫోను టిక్కుమంది. ఫోటో పోయి లోపలి తెర వచ్చింది.

"యాడ పోయింది?" సారు ఫోనును తిప్పి చూసుకొని, మళ్ళీ తాళం వేసి అక్కడే చూపించారు. మళ్ళీ టిక్కుమంది. మూడోసారీ అంతే.

"సార్," అంది సాత్విక మెల్లగా, "మీ ఫోను మీ ముఖానికి గాక ఇంకెవరికన్నా తెరుచుకుంటాదా?"

"మా ఇంటామెకే తెరుచుకోదు."

సాత్విక ఫోను తీసుకొని హరీశ్ ముఖానికి పట్టింది. పలకలేదు. పుల్లయ్య ముఖానికి పట్టింది. పలకలేదు. రాతి ముఖానికి పట్టింది. టిక్కు.

సారు తన ముక్కు తడుముకున్నారు, తర్వాత రాతి ముక్కు తడిమారు.

"మూడుసార్లు ఒకే జవాబు వస్తే రుజువైనట్టే," అన్నారు చివరికి. "నలభై ఏళ్ళు అదే చెప్పినా. దిమ్మె ఎక్కించండప్పా."

ఆయనే విగ్రహం పక్కన నిలబడి ఫోటో తీయించుకొని గ్రూపులో పెట్టారు. ఈసారి గ్రూపంతా దండాలు పెట్టింది సంతోషంతోనే. పుల్లయ్య అందరికీ మళ్ళీ బొటనవేలు చూపించాడు.

సాయంత్రం డెబ్బై ఒక్క మార్కుల నీలంఫోను నంద్యాల బస్సెక్కింది. "నీలంది నన్ను గుర్తుపట్టల్యా. నల్లది నీళ్ళచుక్కనైనా గుర్తుపడతాది," అని పుల్లయ్య తేల్చాడు. సాత్విక నోటుపుస్తకంలో "రాయి కొట్టే వేలు" అని కొత్త వరుస గీసి, నల్లఫోనుకు వందకు వంద వేసింది.

మీరెప్పుడైనా వెలుగోడు బడి ముందర నుంచి పోతే, సారు విగ్రహం దిమ్మె వెనక్కు ఒకసారి పోండి. అక్కడ చిన్న అక్షరాల్లో శిల్పి పుల్లయ్య, ఆళ్ళగడ్డ అని ఉంటుంది. ఆ పేరును గుర్తుపెట్టుకోండి. సారు ఫోనుకు మాత్రం ఇప్పుడు అంకెల తాళమే. బడి ముందర అంత మంచి తాళంచెవిని నిలబెట్టుకొని ముఖాన్ని నమ్మడం కుదరదన్నారు.