గుంటకు గుమ్మడికాయ

మనిషి రెండు కాళ్ళ మీద నిలబడ్డ రోజు నుంచీ పడిపోతూనే ఉన్నాడు. ఆ పడిపోవడాన్ని ఒక పద్ధతిలో పెట్టిన ఘనత మాత్రం తమిళనాడు కోవిల్‌పట్టిలో, ఎట్టయాపురం రోడ్డు మీదున్న ఒక కడలమిఠాయి కంపెనీది. (కడలమిఠాయి అంటే మన పల్లీపట్టీయే. తినేవాళ్ళకు పళ్ళు, చేసేవాళ్ళకు కాళ్ళు గట్టిగా ఉండాలి.)

ఆ కంపెనీలో పాకం పొయ్యికీ, పరిచే బల్లకీ మధ్య నేలలో ఒక గుంట ఉంది. కుతకుతలాడే బెల్లం పాకం బాణలిని చెరో పక్కా పట్టుకుని మోసేది కృష్ణమ్మాళ్, ఆమె చెల్లెలి కూతురు అముద. కృష్ణమ్మాళ్ ముందుకు నడుస్తుంది, అముద వెనక్కి నడవాలి. వీపున కళ్ళుండవు గనక, చోటు రాగానే పెద్దమ్మ "గుంట" అంటుంది, పిల్ల కాలెత్తి దాటేస్తుంది. ఒలికితే ముందు కాలేది పిల్ల కాళ్ళేనన్న భయం కృష్ణమ్మాళ్‌ను ఏనాడూ వదల్లేదు. బస్సు దిగేటప్పుడు కూడా అలవాటుగా "గుంట" అనేది.

ఇలా ఉండగా వేలాయుదం విరుదునగర్‌లో ఒక పూట శిక్షణ పొంది, భద్రతాధికారై తిరిగొచ్చాడు. (అంతకుముందు ఆయన బెల్లం గోడౌన్‌లో ఎలుకల మీద అధికారి.) మెడలో విజిల్ చూసి కృష్ణమ్మాళ్‌కు ధైర్యం వచ్చింది.

"అన్నా, ఒక తట్ట సిమెంటు ఉంటే చాలు. ఆ గుంట మూసేస్తే పిల్ల కాళ్ళు పిల్లకుంటాయి," అని అడిగింది.

వేలాయుదం గుంట చుట్టూ ప్రదక్షిణం చేసి, వంగి చూసి, తేల్చేశాడు. గుంట ఎప్పుడూ ఉంది. జనం మాత్రం అప్పుడప్పుడే పడుతున్నారు. కాబట్టి కారణం గుంట కాదు, ఎదురు కంపెనీవాళ్ళ దిష్టి. ఆయుధపూజ నాడు యంత్రాల ముందు కొట్టే బూడిద గుమ్మడికాయను ఇకమీద ప్రతి శుక్రవారం గుంట దగ్గర కొట్టాలని ఉత్తర్వు వేశాడు. నిజం చెప్పాలంటే కృష్ణమ్మాళ్ కూడా సిమెంటు సంగతి మరిచిపోయి, కాయ బాగా బూడిద పట్టినదై ఉండాలని సలహా ఇచ్చింది.

మొదటి శుక్రవారం కాయ పగిలింది. ఆ గుజ్జు మీద కాలేసి, మూటలు మోసే మూక్కన్ జర్రున జారి చతికిలబడ్డాడు. ఇది ఒక్క కాయకు లొంగే దిష్టి కాదని విచారణలో తేలింది. మరుసటి వారం రెండు కాయలు కొడితే ముగ్గురు పడ్డారు. నాలుగు కాయల వారం సాక్షాత్తూ యజమాని ముత్తుకృష్ణనే పడ్డాడు. దిష్టి ఎంత బలమైనదో తనకిప్పుడే అర్థమైందని, నడుం పట్టుకుని లేస్తూ ఒప్పుకున్నాడు.

ఇంతమంది పడ్డారని రాస్తే కంపెనీ పరువేం కావాలి? వేలాయుదం దానికీ దారి చూశాడు. గుమ్మడికాయ పూజాద్రవ్యం. దాని మీద జారినవాడు పనిలో పడ్డట్టు కాదు, పూజలో పడ్డట్టు. దాంతో కంపెనీలో ప్రమాదాలన్నవే లేకుండా పోయాయి. విరుదునగర్‌లోని కర్మాగారాల భద్రతా సంఘం మురిసిపోయి షీల్డు ప్రకటించింది. స్వయంగా వచ్చి ఇస్తామని, ఆ గుంటను కూడా దర్శించుకుంటామని కబురు పెట్టింది.

షీల్డుకు ముందటి శుక్రవారం కృష్ణమ్మాళ్ "గుంట" అననే అంది. అముద కాలెత్తి దాటనే దాటింది, తిన్నగా గుమ్మడి తొక్క మీదికి. బాణలి తొణికి పాకం పాదం మీద పడింది. బొబ్బలెక్కిన ఆ కాలి మీద కృష్ణమ్మాళ్ నీళ్ళు గుమ్మరించింది. కాయ ఎలా ఉండాలో చెప్పిన తన నోటిని తనే తిట్టుకుంది.

వేలాయుదం విచారణ ఆలస్యం చెయ్యలేదు. పొద్దున దేవుడికి చూపించాక వండిన పాకం ప్రసాదంతో సమానం. ప్రసాదం కాలికి తగలడం గాయం కాదు, అపచారం. పిల్ల లెంపలేసుకుంటే సరిపోతుందన్నాడు.

"కాలింది ప్రసాదం కాదన్నా, మా పిల్ల కాలు."

"అట్లా రాసేదానికి ఈ ప్రమాదాల రిజిస్టర్లో గడి లేదే, కృష్ణమ్మా," అన్నాడు వేలాయుదం, పాపం, నిజంగానే నొచ్చుకుంటూ.

ఆదివారం కృష్ణమ్మాళ్ ఇల్లు కడుతున్న తమ్ముడి దగ్గర తట్టెడు సిమెంటు అడిగి తెచ్చి, గుంటను తన చేతులతోనే పూడ్చేసింది. సోమవారం, కాలికి గుడ్డ చుట్టుకుని వచ్చిన అముద వెనక్కి వెనక్కి నడిచి, బల్ల దాకా చేరింది. పెద్దమ్మ నోరు విప్పనే లేదు. ఆ పూట ఆమెకు ప్రాణం హాయిగా ఉంది.

మధ్యాహ్నం సంఘంవాళ్ళు దండలతో దిగారు. గుంట ఏదన్నారు. ముత్తుకృష్ణన్ ముఖం మాడిపోయింది. వేలాయుదం విజిల్ ఊది పని ఆపించి, గడ్డపార తెప్పించాడు. గుంటను మళ్ళీ తవ్వారు, వెనక వరసవాళ్ళకు కూడా కనబడేలా ఈసారి కాస్త లోతుగా. దాని పక్కన నిలబడి షీల్డుతో ఫొటో దిగారు.

మర్నాడు కృష్ణమ్మాళ్‌కు సంజాయిషీ నోటీసు అందింది. నేరం: అనుమతి లేకుండా ప్రమాదాన్ని తొలగించడం.