కప్పుకు దారి చూపినవారు

ఆ రోజు పదకొండింటికల్లా యూనివర్సిటీ క్రాస్ కంట్రీ పరుగు జట్టు చరిత్ర రాయడం ముగించి, మధ్యాహ్నం పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలని రికార్డుల సెక్షన్ సూపరింటెండెంటు అనుకున్నాడు. చరిత్ర రాయడం ఆయనకు పెద్ద పనేమీ కాదు. పాతికేళ్ల కిందటి రజతోత్సవ సంచిక బీరువాలో ఉంది. అందులో ‘పాతికేళ్లు’ అన్నచోటల్లా ‘యాభై ఏళ్లు’ అని దిద్దితే స్వర్ణోత్సవ సంచిక అయిపోతుంది. ఆ జట్టు ఇన్నేళ్లలో గెలిచింది ఒక్క కప్పే. అదీ మొదటి ఏడాదే. ఆ తరువాతి చరిత్రంతా పాల్గొనడమే.

చెప్పుల్లో కాళ్లు పెడుతుండగా భార్య అడ్డొచ్చింది.

"ఏవండీ, అందులో నాన్న పేరు మర్చిపోకండి."

"ఆయనెప్పుడు పరుగెత్తారు?"

"ఆ కప్పు నావల్లే వచ్చిందని నా చిన్నప్పట్నుంచీ చెప్తూనే ఉన్నారుగా! మన పెళ్లైన కొత్తల్లో మీకూ చెప్పారు. మీరు తల కూడా ఊపారు."

పెళ్లైన కొత్తలో ఆయన దేనికి తల ఊపలేదు గనుక! మూడేళ్లుగా వాళ్లింట్లోనే ఉంటున్న మామగారు వరండాలో పేపరు చదువుతున్నారు. ఈ మాటలు వినగానే పేపరు మరికాస్త పైకెత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. అది వినయమనుకున్నాడు అల్లుడు.

ఆఫీసులో పాత కాగితాలన్నీ దులిపి చూశాడు. పరుగెత్తిన ఏడుగురి పేర్లున్నాయి, అదనంగా వెళ్లిన ఇద్దరి పేర్లున్నాయి, చివరికి మంచినీళ్ల కూజా మోసినవాడి పేరు కూడా ఉంది. మామగారి పేరు మాత్రం లేదు. ఇంటికి ఫోన్ చేశాడు.

"లిస్టులో లేరే!"

"సరే, సాయంత్రం వచ్చి ఆ ముక్క ఆయన మొహం మీద మీరే చెప్పండి. నేను మాత్రం చెప్పను."

ముప్ఫై ఏళ్ల సర్వీసులో సూపరింటెండెంటు నేర్చుకున్న విద్య ఒకటుంది: ఎవరూ తప్పు పట్టలేని వాక్యం రాయడం. ‘ఆనాటి విజయానికి దారి చూపినవారు’ అని రాసి, పక్కన మామగారి పేరు పెట్టాడు. దారి చూపడమంటే ఏమైనా కావచ్చు. ఏమీ కాకపోనూ వచ్చు.

కానీ టైపిస్టు పనిమంతురాలు. దారి చూపినవారంటే కోచే కదా అని ఆ మాట చేర్చింది. ప్రెస్సులో ప్రూఫులు చూసేవాడికి ఉత్త ‘కోచ్’ వెలితిగా కనిపించింది, ‘తొలి కోచ్’ అన్నాడు. అచ్చయిన సంచిక తిరగేస్తూ, ఆ పేరు సూపరింటెండెంటు మామగారిదని తెలిసి వైస్ ఛాన్సలర్ కుర్చీలోంచి లేచాడు.

"మన తొలి కోచ్ ఈ ఊళ్లోనే, మీ ఇంట్లోనే ఉన్నారా? ఇన్నాళ్లూ నోరు మెదపలేదేమయ్యా!"

సూపరింటెండెంటు ఇప్పుడైనా మెదుపుదామని నోరు తెరిచాడు. తన ప్రమోషన్ ఫైలు వైస్ ఛాన్సలర్ మోచేతి కింద కనిపించింది. నోరు మూసుకున్నాడు.

"ఘనంగా సన్మానం చేద్దాం. పాత జట్టులో ముగ్గురు వస్తున్నారు. వాళ్లతో కలిసి మీ మామగారు మైదానం చుట్టూ ఓ రౌండు వేస్తారు."

సంగతి వినగానే మామగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరు రాయమన్నారు అల్లుడూ నిన్ను?"

"కప్పు మీవల్లే వచ్చిందని మీరేగా అన్నారు!"

"వచ్చింది. కానీ అది ఇంట్లో చెప్పుకునే మాట!" తరువాత నెమ్మదిగా అడిగారు. "ముగ్గురూ వస్తున్నారా? ఒక్కడైనా మంచాన పడలేదా?"

ఆ సాయంత్రం నుంచే ఆయనకు మోకాలు నొప్పి మొదలైంది. హమ్మయ్య, గండం గడిచిందనుకుని సూపరింటెండెంటు ఆ కబురు ఆఫీసులో చెప్పాడు. వైస్ ఛాన్సలర్ కళ్లు చెమర్చాయి. ఆటకోసం కాలు ఒడ్డిన మనిషని పదిమందికీ చెప్పి, చక్రాల కుర్చీతో సహా అంబులెన్సు పంపించాడు. సభలోకి ఆ కుర్చీ రాగానే జనమంతా లేచి నిలబడ్డారు.

వేదిక మీద ఆనాటి కెప్టెన్ కళ్లద్దాలు సర్దుకుని, కుర్చీలోని మనిషిని తేరిపార చూశాడు.

"ఎర్రజెండా!" అని కేక పెట్టాడు. "ఒరేయ్, వీడే! పట్టుకోండ్రా!"

మామగారు కుర్చీలోంచి లేచి పక్క తలుపు గుండా మైదానంలోకి పరుగు లంకించుకున్నారు. డెబ్బై దాటిన ముగ్గురూ వెంటపడ్డారు. ఆయన వెనక్కి చూడకుండా మైదానం ఒక చుట్టు పూర్తి చేశారు. ఇది కార్యక్రమంలో భాగమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. చివరికి ముగ్గురూ ఆయన్ని పట్టుకుని, గట్టిగా కౌగిలించుకుని, మోసినంత పనిచేసి వేదిక మీదికి తెచ్చారు.

కెప్టెన్ మైకు అందుకున్నాడు.

"ఆ రోజు ఇటుకబట్టీ దగ్గర దారి రెండుగా చీలింది. అక్కడ జెండా పట్టుకున్న వాలంటీరు ఈయనే. మాకు ఎడమకు చూపించాడు, ఎడమకు తిరిగాం. వెనకొచ్చిన జట్లకు మాత్రం కుడికి చూపించాడు. వాళ్లు పాపం కొండెక్కి దిగొచ్చేసరికి మేం చేరిపోయి సోడాలు తాగుతున్నాం. ఎంత ప్లానండీ! థాంక్స్ చెప్దామని యాభై ఏళ్లుగా వెతుకుతున్నాం!"

మామగారు రొప్పుతూ అల్లుడి చెవిలో గొణిగారు. "ప్లానూ లేదు, పాడూ లేదు. కుడిచెయ్యి పీకుతుంటే జెండా ఎడమచేతికి మార్చుకున్నా. తప్పు దారి చూపానని వీళ్లు వెళ్లాక గానీ తెలిసి రాలేదు. దొరికితే తంతారని ఇన్నేళ్లూ ఈ గేటు వైపే రాలేదు."

వైస్ ఛాన్సలర్ బల్ల మీది కప్పు వైపు చూశాడు. అదే కప్పు పట్టుకుని తాను నవ్వుతున్న ముఖచిత్రం వైపు చూశాడు. పంచడానికి కట్టలు కట్టి పెట్టిన రెండు వేల ప్రతుల వైపు చూశాడు. తరువాత ముందుగా ఆయనే చప్పట్లు మొదలుపెట్టాడు.

"జట్టుకు దగ్గరి దారి చూపించినవాడే అసలైన కోచ్!" అన్నాడు.

ప్రమోషన్ ఫైలు మీద ఆ సాయంత్రమే సంతకం పడింది. చరిత్రలో ఒక్క అక్షరం కూడా దిద్దనక్కర్లేదని నోటిమాటగా చెప్పారు.

మర్నాడు పొద్దున్నే యూనివర్సిటీ ఫిజికల్ డైరెక్టరు ఇంటికొచ్చి, వచ్చే నెల పోటీలకు మలుపు దగ్గర నిలబడడానికి పెద్దాయనకు వీలవుతుందా అని ఎంతో మర్యాదగా అడిగాడు.