నీళ్లు అడగని మొక్క

ఈ రాష్ట్రంలో నీళ్లు అడిగేవారి సంఖ్య ఆందోళన కలిగించే స్థాయికి చేరిందనీ, నీళ్లు అడగని ప్రాణిని ఒక్కదాన్నైనా ప్రజలకు ఆదర్శంగా చూపించడం ప్రభుత్వ ధర్మమనీ జలసంయమన శాఖామాత్యులు దుర్గ్ పట్టణ బహిరంగసభలో ప్రకటించారు. అటువంటి ప్రాణి సిద్ధమైందని కూడా సెలవిచ్చారు. అది వేరుశనగ మొక్క. ప్రయోగశాలలో పెద్దలు దాని జన్యువుల్లో ఒక సవరణ చేశారు. ఇక నేల బీటలు వారినా ఆ మొక్క ధర్నా చేయదు. రోడ్డుకు అడ్డంగా ఖాళీ బిందెలు పేర్చదు. ఎన్నికల ముందు అసలు నోరు విప్పదు. సభ చప్పట్లతో మారుమోగింది.

ఆ చప్పట్లలో భిలాయిలోని ఖుర్సీపార్ వార్డు పార్టీ కార్యదర్శి సత్యప్రసాద్ చప్పట్లు విడిగా వినిపించాయి. షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే వ్యాపారం ఆయనది. తన కుర్చీల్లో కూర్చున్నవారు ఎంత చెప్పినా శ్రద్ధగా వినడం వృత్తిధర్మంగా అలవడింది. అయితే శివరాత్రి వెళ్లిన ఆ వారంలో ఆయన దుర్గ్‌కు వచ్చిన పని వేరు. ఉక్కు ప్లాంటు పనులకు వలస వచ్చిన తెలుగువాళ్లుండే ఆయన వీధికి నీళ్ల ట్యాంకరు రావడం తగ్గిపోయింది. వారానికొకసారి వస్తోంది, అదీ డ్రైవరుకు దారి గుర్తుంటే. ఆ ట్యాంకరును వీధికి తెప్పించిన ఘనత సత్యప్రసాద్‌ది. అది వచ్చినంతకాలం ఆయన అందరికీ ప్రసాద్ భయ్యా. అది రావడం తగ్గాక కుర్చీల ప్రసాదు. పూర్తిగా ఆగిపోతే ఏమని పిలుస్తారో ఊహించడానికి ఆయనకు ధైర్యం చాలలేదు.

సభ ముగిశాక వేదిక వెనక ఆయన మంత్రిగారికి చేతులు జోడించి ట్యాంకరు సంగతి విన్నవించారు. మంత్రిగారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"నీళ్లు అడిగే వార్డుకు నీళ్లిస్తే గొప్పేముంది ప్రసాద్ జీ? రేపు మళ్లీ అడుగుతారు. మీ వార్డుకు నేను నీళ్లు అక్కర్లేనిదాన్నే ఇస్తున్నాను. ప్రదర్శన క్షేత్రం మీ దగ్గరే. కరువులో అనుభవం ఉన్న నేల కదా."

సత్యప్రసాద్ చప్పట్లు కొట్టారు. అక్కడ ఇంకెవరూ లేకపోయినా కొట్టారు.

ఇంటి గుమ్మంలో భార్య భాగ్యరేఖ ఖాళీ బకెట్టుతో ఎదురైంది. "ఏటండీ, టేంకరు ఒప్పుకున్నారేటి?"

"అంతకన్నా పెద్దది ఒప్పుకున్నారు."

"రెండు టేంకర్లా?"

"వేరుశనగ."

భాగ్యరేఖ బకెట్టు కింద పెట్టింది. "నీళ్లడగడానికెళ్లి పిక్కలు పట్టుకొచ్చారా?"

"ఇవి మామూలు పిక్కలు కావే. వీటికి నీళ్లు అక్కర్లేదు."

"వాటికి అక్కర్లేదు, సరే. మనకో?"

"అది సెకండ్ ఫేజ్‌లో చూస్తామన్నారు."

వారం తిరగకముందే వీధి చివరి ఖాళీ స్థలంలో ముళ్లకంచె లేచింది. కంచెకు మంత్రిగారి నిలువెత్తు బొమ్మతో బోర్డు వచ్చింది. ఆ తరువాత, బోర్డు వచ్చేసింది కనుక తప్పనిసరై, డాక్టర్ అనిరుధ్ అనే యువ శాస్త్రవేత్త వచ్చాడు. భిలాయిలోనే పుట్టి పెరిగినవాడు కాబట్టి అతని తెలుగు సగం దూరం నడిచి హిందీ ఎక్కేస్తుంది. అతను రెండు మళ్లు వేయించాడు. ఎడమది మామూలు వేరుశనగ, కుడిది సవరించినది. పూత వచ్చేదాకా జీపులో తెచ్చుకున్న నీళ్లతో తడిపి, తరువాత ఆపేశాడు.

"అంకుల్, నీళ్లు లేకుండా ఏ మొక్కా బతకదు," అన్నాడు సత్యప్రసాద్‌తో. "ఇది తక్కువతో సర్దుకుంటుంది, బస్. నేల తడి తగ్గుతోందని ముందే పసిగట్టి, ఆకుల మీది చిన్న చిన్న రంధ్రాలు మూసేసుకుంటుంది. ఉన్న నీళ్లు దాచుకుంటుంది. మామూలు మొక్కకి ఆ అకల్, ఆ తెలివి లేదు, చివరిదాకా ఖర్చు పెట్టేస్తుంది. ఏం చేసినా రెండు మళ్లకీ ఒకేలా చేయండి. అప్పుడే తేడా తెలుస్తుంది."

"అక్కర్లేదని మంత్రిగారు చెప్పారు. తక్కువ చాలని మీరంటున్నారు," అన్నారు సత్యప్రసాద్ నొచ్చుకుంటూ. "ఇద్దరిలో ఎవరు పెద్ద?"

అనిరుధ్ జీపెక్కి వెళ్లిపోయాడు.

మే నెల వచ్చింది. ట్యాంకరు పూర్తిగా ఆగిపోయింది. కుళాయి దగ్గర బిందెలు మనుషులకన్నా ముందే వరుస కట్టేవి. ఒక మిట్టమధ్యాహ్నం సత్యప్రసాద్ కంచెలోకి తొంగిచూసి నిశ్చేష్టులయ్యారు. నీళ్లు అడగని మొక్క ఆకులు ముడుచుకుని కూర్చుంది. అది తన పని తాను చేసుకుంటోందని అనిరుధ్ ఫోనులో నచ్చజెప్పబోయాడు. సత్యప్రసాద్ మనసు కుదుటపడలేదు. మంత్రిగారి కార్యాలయానికే ఫోన్ చేశారు. మంత్రిగారు జూన్ మొదటి వారంలో వస్తున్నారనీ, ఫొటోలో తలవంచిన మొక్క కనిపించడానికి వీల్లేదనీ, ఏ లోటు వచ్చినా తక్షణం తీర్చబడుతుందనీ అక్కడినుంచి జవాబు వచ్చింది.

తక్షణం అంటే ఎంతసేపో ఖుర్సీపార్ ఆ రోజు మొదటిసారి చూసింది. గంట తిరగకుండా ట్యాంకరు వచ్చింది. వెనకాలే మరొకటి వచ్చింది. వీధంతా బకెట్లతో పరుగెత్తింది. డ్రైవరు మనోజ్‌కుమార్ రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"దీదీ, ఇది మనుషులకు కాదు. మొక్కకు."

"ఆ మొక్కకి నీళ్లు అక్కర్లేదని బోర్డు మీద రాసుంది కదయ్యా," అంది భాగ్యరేఖ.

"అక్కర్లేదు కాబట్టే రోజూ రెండని ఆర్డరు రాయించి పంపారు, దీదీ. అక్కరుంటే ఎప్పటిలాగే చూద్దాం అనేవారు."

సత్యప్రసాద్ తలవంచుకున్నారు. వీధి ఆడవాళ్లలో ఒకరిద్దరు "కుర్చీల ప్రసాదు" అన్న మాటను ఆయనకు వినపడేటంత మెల్లగా పలికారు.

ఉక్కు ప్లాంటు రైల్ మిల్లులో ఫోర్‌మన్‌గా రిటైరైన అప్పలకొండ ఆ సాయంత్రమే సత్యప్రసాద్ ఇంటికి వచ్చాడు. ప్లాంటులో గడిచిన జీవితం ఆయన్ని ఇంకా వదల్లేదు. ఇంట్లో కాఫీ కూడా షిఫ్టు మారే వేళకే తాగుతాడు.

"ఏటి ప్రసాదూ, రెండు టేంకర్ల నీళ్లు ఒక్కసారి మడిలో కుమ్మరించీస్తారా? మొక్క కుళ్లిపోదేటి? దీనికి సిస్టమ్ ఉండాల. ఏ షిఫ్ట్, బీ షిఫ్ట్, సీ షిఫ్ట్. షిఫ్టుకి పదిమంది. చేత్తో, కొంచెం కొంచెం పొయ్యాల."

"అంతమంది ఎవరొస్తారు మావా?"

భాగ్యరేఖ లోపలినుంచి వచ్చింది. "ఎవరి బకెట్టు వాళ్లే తెచ్చుకోవచ్చునా, మావా?"

"తెచ్చుకోవాల. టూల్సు లేకుండా డ్యూటీ ఏటి?"

"బకెట్టు నింపుకున్నాక మొక్కకి ఎంత పొయ్యాల?"

"గ్లాసుడు చాలు."

"మిగతాది?"

"డ్యూటీ అయ్యాక టూల్సు ఎవరింటికి వాళ్లు పట్టుకెళ్లిపోరా?"

మర్నాటి ఉదయానికి మూడు షిఫ్టులూ నిండిపోయాయి. దేశసేవలో ఇంతటి ఉత్సాహాన్ని ఖుర్సీపార్ మునుపెన్నడూ ఎరగదు. నడుం నొప్పని మంచం దిగనివారు రాత్రిపూట సీ షిఫ్ట్ అడిగారు. పక్క బస్తీ క్యాంప్ 2 నుంచి చుట్టరికాలు కలుపుకొని వచ్చి మరీ చేరారు. ప్రతి స్త్రీ బకెట్టు నింపుకునేది, ఎడమ మడికొక గ్లాసు, కుడి మడికొక గ్లాసు భక్తితో పోసేది, బకెట్టుతో ఇంటికి పోయేది. షిఫ్టు మారేటప్పుడు అప్పలకొండ కంచె దగ్గర నిలబడి, "మొక్క నార్మల్. ఛార్జి తీసుకోండి," అనేవాడు. తీసుకునేవారు.

సత్యప్రసాద్ మళ్లీ ప్రసాద్ భయ్యా అయ్యారు. వీధిలో నడుస్తుంటే ఎవరో ఒకరు ఆపి టీ ఇచ్చేవారు. ఇప్పుడు టీకి నీళ్లున్నాయి.

కొన్నాళ్లకు అనిరుధ్ వచ్చి, కంచె పక్కన ట్యాంకరును చూసి తల పట్టుకున్నాడు. "అంకుల్, ఇది కరువు పరీక్ష. మీరు చెరువు చేసేశారు."

"పరీక్ష రాసేవాడికి మంచినీళ్లు ఇవ్వరా బాబూ?" అన్నాడు అప్పలకొండ.

అనిరుధ్ వంగి మట్టి తీసి చూశాడు. పొడిగా ఉంది. మళ్లీ ట్యాంకరు వైపు చూశాడు. ఎడమ మడి సగం ఎండిపోయింది. కుడి మడి పచ్చగా నిలబడి, ఎండలో ఆకులు ముడిచి, సాయంత్రం విప్పుతోంది. అతను భాగ్యరేఖను పక్కకు పిలిచాడు.

"ఆంటీ, సచ్ బోలో. నిజంగా ఎంత పోస్తున్నారు?"

"ఒక్కొక్కరం మడికో గ్లాసు బాబూ. అంతే."

"రెండింటికీ ఒకేలా?"

"నువ్వు చెప్పినట్టే. పక్షపాతం లేదు."

అనిరుధ్ ముఖం వికసించింది. "అయితే పక్కా కరువే! ఇంత మంచి కరువు నా ల్యాబులో కూడా రాలేదు, ఆంటీ. ఇలాగే తీసుకెళ్లండి." ఆనాటినుంచి అతను కూడా వచ్చినప్పుడల్లా ఒక బకెట్టు మోసి పెట్టేవాడు.

జూన్ మొదటి వారంలో మంత్రిగారు వేంచేశారు. సత్యప్రసాద్ కుర్చీలన్నీ నిండాయి. మంత్రిగారు ముందుగా ఎండిపోయిన ఎడమ మడి దగ్గర ఆగారు.

"ఇదేమిటి?"

"అది నీళ్లు అడిగే రకం సార్," అన్నారు సత్యప్రసాద్.

"చూశారా," అన్నారు మంత్రిగారు విలేఖరుల వైపు తిరిగి, "అడిగినవాళ్ల గతి."

ఆ తరువాత పచ్చని కుడి మడి ముందు నిలబడి ఫొటోలు తీయించుకున్నారు. అంతా సజావుగా సాగుతుండగా వెంట వచ్చిన ఒక అధికారి ఆయన చెవిలో ఏదో చెప్పాడు. మంత్రిగారి చిరునవ్వు పక్కకు జరిగింది.

"ప్రసాద్ జీ, ఈ మొక్కకు రోజూ రెండు ట్యాంకర్లు వస్తున్నాయట. నిజం చెప్పండి. ఇది నీళ్లు తాగిందా, లేదా?"

సత్యప్రసాద్ నోరు తెరిచారు. తాగిందంటే మంత్రిగారి మొక్క పోతుంది. తాగలేదంటే వీధి ట్యాంకరు పోతుంది. తెరిచిన నోరు ఏ వైపునుంచి మూయాలో తెలియక ఆయన వీధివైపు చూశారు. వీధంతా బకెట్లు వెనక దాచుకుని ఆయన్నే చూస్తోంది. అలవాటుకొద్దీ చేతులు పైకి లేచాయి కాని చప్పట్లు రాలేదు.

భాగ్యరేఖ ముందుకు వచ్చి, మంత్రిగారికి అర్థమయ్యే హిందీలో ఎంతో వినయంగా చెప్పింది. "సార్, ఇది ఒక్కనాడు కూడా నీళ్లు అడగలేదు. అడగలేదు కాబట్టే మేమే ఇచ్చాం. అంత మర్యాదస్తురాలికి ఇవ్వకపోతే చూసేవాళ్లు సర్కారునేమంటారు?"

మంత్రిగారు కళ్లు మూసుకున్నారు. తెరిచేసరికి వాటిలో నీళ్లు ఉన్నాయి.

"రాసుకోండి," అన్నారు విలేఖరులతో. "అడగనివారికి ఇవ్వడమే మా ప్రభుత్వ విధానం. ఈ క్షేత్రం ఉన్నంతకాలం ట్యాంకర్లు ఆగడానికి వీల్లేదు. రెండు కాదు, మూడు."

ఈసారి వీధంతా చప్పట్లు కొట్టింది. బకెట్ల మీద కొట్టడం వల్ల ధ్వని బాగా వచ్చింది.

వారం రోజులకు పంట తీసే సమయమైంది. ఇటువంటి మొక్కలను పరీక్ష అయ్యాక వేళ్లతో సహా పెరికి తీసుకుపోవాలన్నది నియమం. అనిరుధ్ నియమం పాటించాడు. ఒక్క కాయ కూడా కింద వదలకుండా ఏరుకుని, అందరి దగ్గరా సెలవు తీసుకుని, తన మొక్క నెగ్గిందన్న ఆనందంతో వెళ్లిపోయాడు. మళ్లు రెండూ బోసిపోయాయి. కంచె ఉంది, బోర్డు ఉంది. వానలు ఇంకా రాలేదు.

మర్నాటి ఉదయం సత్యప్రసాద్ గుండె చిక్కబట్టుకుని వీధి చివర నిలబడ్డారు. ట్యాంకరు వచ్చింది. వెనక రెండోది, దాని వెనక మూడోది. మనోజ్‌కుమార్ కిందికి దిగి కంచెలోకి చూశాడు. ఉత్త మట్టి. బోర్డు చూశాడు. మంత్రిగారు నవ్వుతున్నారు.

"క్షేత్రం ఉందిగా," అని గొట్టం విప్పాడు.

ఏ షిఫ్ట్ బకెట్లు నింపుకుంది. భాగ్యరేఖ ఎడమన ఒక గ్లాసు, కుడిన ఒక గ్లాసు నీళ్లు ఉత్త మట్టి మీద పోసింది. అప్పలకొండ మట్టిని పరిశీలించి, "నార్మల్. ఛార్జి తీసుకోండి," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే పక్క వార్డు కార్యదర్శి లక్ష్మీప్రసాద్ తన మనుషులతో వచ్చి కంచె చుట్టూ రెండుసార్లు తిరిగి చూసి, నేరుగా దుర్గ్‌కు వెళ్లాడు. మంత్రిగారి ముందు చేతులు జోడించి, తమ వార్డుకు కూడా నీళ్లు అడగని ఆ వేరుశనగను మంజూరు చేయాలని విన్నవించుకున్నాడు. విత్తనాల కొరత ఉందని మంత్రిగారు విచారం వెలిబుచ్చారు.

"మొక్కతో మాకు పని లేదు సార్," అన్నాడు లక్ష్మీప్రసాద్. "కంచె ఇప్పించండి చాలు."