అరువు పిలుపు

లుకలాపు లింగమూర్తి గారు ఒక మాటను సేకరించి కార్డు మీద రాశాక, సిరా ఆరిన క్షణంలో ఆ మాట ఊరివాళ్ల నోళ్లలోంచి పోయేది. ఇందులో ఎవరికీ ఆశ్చర్యం ఉండేది కాదు. ఒకే మాట ఒకేసారి రెండు చోట్ల ఉండడం నిల్వ నిబంధనలకు విరుద్ధమని ఆయన పనిచేసే శబ్దచరిత్ర విభాగం పంచాయతీ గోడ మీద ముందుగానే రాయించింది. ఆయన కూరుస్తున్న యాసల పదకోశం చివరి సంపుటానికి వచ్చింది. అది అచ్చుకు వెళ్లడానికి ఒక్క మాటే తక్కువ. ఆ మాట ఆయన భార్య దగ్గర ఉంది.

సిక్కోలు వైపు కొల్లివలసలో కాపురం పెట్టి ఆయన పనిముట్ల పేర్లు, చేపల పేర్లు, తిట్లు, ముద్దుమాటలు ఒక్కొక్కటే రాసుకున్నారు. ప్రతి మాటకూ పుట్టుక కనిపెట్టేవారు. ఇది ఉప్పు పడవల్లో ఒడియా దేశం నుంచి దిగింది, ఇది కరువు ఏడు గంజి కేంద్రం దగ్గర పుట్టింది, ఇది ఒక కోడలు అత్త మీద కోపంతో కల్పించింది. ఆ మాటలేవో ఇక్కడ రాయడానికి వీల్లేదు. అవి విభాగం ఆస్తి. యాస మాత్రం ఊళ్లోనే మిగిలింది. ఉచ్చారణ శాఖకు ఇంకా సిబ్బందిని వేయలేదు.

ఊరు త్వరగానే అలవాటుపడింది. కావలసినవాళ్లు పంచాయతీ ఆఫీసులో విభాగం తెరిచిన కౌంటరుకు వెళ్లి మాటను అరువు తెచ్చుకోవచ్చు. సాయంత్రం కౌంటరు మూసేలోగా వాపసు ఇవ్వాలి. ఎద్దును అదిలించే మాట దొరకని రోజున గురువులు అనే రైతు బండి మీద కూర్చుని, "దయచేసి కుడివైపునకు మరలుము" అనేవాడు. ఎద్దు కాసేపు ఆలోచించి మరలేది. జోలపాటల్లో ఖాళీ పడ్డచోట తల్లులు రేషను దుకాణం ప్రకటనలు అతికించారు. పిల్లలు ఇదివరకటికంటే తొందరగా నిద్రపోతున్నారని ఆరోగ్య కేంద్రం సంతోషించింది.

ఒకసారి కుళాయి దగ్గర తవిటమ్మకూ దమయంతికీ తగాదా వచ్చింది. కౌంటర్లో ఆ పూటకు మిగిలిన తిట్టు ఒక్కటే. ఇద్దరూ కలిసి వెళ్లి, కలిసి సంతకం పెట్టి తెచ్చుకున్నారు.

"తిట్టీసినావా? మరి ఇలాగియ్యి," అంది దమయంతి చెయ్యి చాచి.

"ఉండవే, సగమే అయ్యింది. మీ అత్త సంగతి ఇంకా అన్నేదు," అంది తవిటమ్మ.

"బేగి కానియ్యి. కౌంటరు మూసీస్తే నాను నిన్నేటని తిట్టాల? శ్రీమతి తవిటమ్మ గారూ అనా?"

వేళ మించకముందే తగాదా ముగించి, తిట్టును తుడిచి అప్పగించి, ఎవరి బిందె వాళ్లు ఎత్తుకున్నారు.

లింగమూర్తి గారి భార్య అసిరితల్లి ఆ ఊరి ఆడపడుచే. వంటింటి మాటలన్నీ ఆమె ఇచ్చినవే. పెళ్లయిన కొత్తలో ఆమె వసపిట్టలా మాట్లాడేది, ఆయన కంచం పక్కన కార్డులు పెట్టుకుని భోంచేసేవారు. తొలి సంపుటం అచ్చయ్యేసరికి ఆమె అన్నిటినీ "అది", "ఇది" అనడం నేర్చుకుంది. తర్వాతి సంపుటానికి వేలితో చూపడం నేర్చుకుంది. విభాగం వారు ఆమెకు శాలువా కప్పారు.

ఇక ఆమె దగ్గర మిగిలింది మొగుణ్ని పిలిచే పిలుపు ఒక్కటే. ఆమె తప్ప లోకంలో ఎవరూ వాడని మాట. ఆయన అది వెయ్యిసార్లు విని ఉంటారు గానీ, గుర్తున్నదాన్ని రాయకూడదు, అడిగి చెప్పించుకున్నదాన్నీ రాయకూడదు. మామూలుగా అంటూండగా విని అప్పటికప్పుడు రాయాలి. ఆయన పని పద్ధతి అది. అసిరితల్లికి ఆ పద్ధతి బాగా తెలుసు. అందుకని ఆయన్ని పిలవడం మానేసింది.

అన్నానికి రమ్మనాలంటే పళ్లెం మీద గరిటెతో కొట్టేది. సంతలో ఆయన దూరమైతే చిక్కుడుకాయ విసిరేది. పిలుస్తుందేమోనని లింగమూర్తి గారు ధాన్యం గాదె వెనక దాక్కునేవారు. ఆమె ఇల్లంతా వెతికి, దొరికినచోట భుజం తట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయేది. సొంత ఇంట్లో ఒక్క మాటకు ఇంత జాప్యమేమిటని విభాగం వారు ఫోను చేశారు.

"ఎప్పుడైనా ఒక్కసారి మామూలుగా పిలవొచ్చు కదా," అన్నారు ఆయన.

"పిలిస్తే రాయకుండా ఉంటారేటి?"

"అచ్చులో ఉంటే శాశ్వతంగా ఉంటుంది, అసిరీ."

"అచ్చుకి మీతోటి పనేటుంది? నాకుంది గానీ."

దానికి జవాబు చెప్పడానికి కావలసిన మాటను ఆయన ఎప్పుడో సేకరించి ఉంటారు.

మాఘమాసపు ఎండలో ఒకనాడు ఆయన డాబా మీద కార్డులు ఆరబెడుతున్నారు. డాబాకు పిట్టగోడ లేదు. వరుస కుదిరిందో లేదో చూసుకుంటూ ఒక్కో అడుగే వెనక్కి వేస్తున్నారు. వడియాల పళ్లెంతో మెట్లెక్కి వచ్చిన అసిరితల్లికి ఆయన మడమ అంచు దాటడం కనిపించింది. తట్టడానికి దగ్గర లేదు. విసరడానికి వడియాలు ఇంకా ఎండలేదు. పిలిచింది.

ఆయన చెవులకంటే ముందు కాళ్లు విన్నాయి. ముందుకు తూలి, మోకాళ్ల మీద కూలబడి, ఆమెను చూసి నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఎన్నాళ్లకో ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుకున్నారు. నవ్వుతూండగానే ఆయన చెయ్యి జేబులోంచి పెన్ను తీసింది. రాయకూడదనే అనుకున్నారు. అనుకుంటూనే రాశారు. మంచి మాట చెవిన పడ్డాక ఆయన చెయ్యి ఆయన్ని అడిగి రాసిన రోజు లేదు.

అంత ఎండలో సిరా ఆరడానికి ఎంతోసేపు పట్టదు.

సంపుటం విడుదలైంది. చివరి మాటకు ఆయన రాసిన చరిత్రను పత్రికలు ప్రత్యేకంగా మెచ్చుకున్నాయి. విభాగం ఉద్యోగుల ఇళ్లవాళ్లకు కౌంటర్లో ముందు వరుస ఉంది కనుక అసిరితల్లి ఎక్కువసేపు నిలబడకుండానే పిలుపును అరువు తెచ్చుకుంది. కాళ్లు కడుక్కుని, అన్నం వడ్డించి, వంటింటి గుమ్మంలో నిలబడి పిలిచింది.

లింగమూర్తి గారు విన్నారు. మాట చాలా స్పష్టంగా ఉంది. దాని పుట్టుక గుర్తొచ్చింది, సంపుటమూ పుటా గుర్తొచ్చాయి. పిలిచింది తననేనని మాత్రం తోచలేదు. పక్కింట్లో ఎవరినో అనుకుని పేజీ తిప్పారు.

ఆమె రెండోసారి పిలవలేదు. పొద్దు వాలకముందే కౌంటరుకు వెళ్లి మాటను ఇచ్చేసింది. గుమస్తా దాన్ని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎక్కడా గీత పడలేదమ్మా. అసలు వాడినట్టే లేదు."

"నేదు బావూ," అంది అసిరితల్లి.

"అందరూ మీలాగ వాడితే మన మాటలు వెయ్యేళ్లు చెక్కుచెదరవు," అన్నాడు గుమస్తా మనసారా. వెనక వాళ్లకు దారిస్తూ ఆమె పక్కకు జరిగింది.